ఓడిన వాళ్ల మన్ను

మేము ఓడిపోయాం. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే చివర్లో మేమే గెలుస్తామని సగం మంది కాచుకుని కూర్చుంటారు. గెలవలేదు. పోయిన డిసెంబరు మొదటి ఆదివారం, కుప్పంలో, మదనపల్లె రాళ్లబావి హైస్కూలు ఆడపిల్లలు ముప్పై ఒకటి, పుంగనూరు సంతగేటు హైస్కూలు ఆడపిల్లలు ముప్పై. కబడ్డీలో ఒక్క పాయింటు. ఆఖరి కూతకు వెళ్లిన మా కెప్టెన్ ఇందు మధ్యగీతకు జానెడు దూరంలో దొరికిపోయింది. రాళ్లబావి కెప్టెన్ ఎవాంజెలిన్ దాని చీలమండ పట్టుకున్న తీరు చూస్తే నాకు అంత కోపంలోనూ శభాష్ అనాలనిపించింది.

ఆ ఎవాంజెలిన్ మా అన్న కూతురు. నా పేరు రాహేలు. సంతగేటు హైస్కూల్లో ఆటల టీచరుని. పుట్టి పెరిగింది మదనపల్లెలో, మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో. పదకొండేళ్లుగా సొంత ఊరిని ఓడించడానికే జీతం తీసుకుంటున్నానని మా అన్న ఎగతాళి చేస్తుంటాడు. ఆ సాయంత్రం అన్న మూడుసార్లు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు.

తిరుగు బస్సెక్కాం. పలమనేరు దాటాక ఇందు నా సీటు దగ్గరికి కుంటుకుంటూ వచ్చి కమ్మీ పట్టుకుని నిలబడింది. ఏడుస్తుందేమో, ఓదార్చాలేమో అని నేను సర్దుకుంటున్నాను.

"మేడం, శనివారం ఎన్ని గంటలకు పోదాం?" అంది.

"యాడికి?"

"మదనపల్లెకు. మన్ను ఎత్తుకోని."

"మన్ను మోసేది మగపిల్లోల్లు గదమ్మా."

"యాల?"

పదకొండేళ్లుగా ఈ బడిలో పనిచేస్తూ ఎందుకు అన్న ఆ ఒక్క ముక్క నేను ఎవరినీ అడగలేదు. పదో తరగతి పిల్ల అడిగితే గానీ గుర్తు రాలేదు. సిగ్గేసింది. దిగేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మన్ను మోత గురించి తెలియని వాళ్లకు రెండు మాటలు చెప్పాలి. పందొమ్మిది వందల అరవై రెండులో ఈ రెండు బళ్లకూ మొదటి పందెం రాళ్లబావి గ్రౌండులో జరిగింది. మా వాళ్లు ఓడిపోయి, మీ నేలంతా రాళ్లు, మోకాళ్లు చీరుకుపోతుంటే ఎట్లా ఆడతాం అని గొణిగారట. అయితే మీ మెత్తటి మన్ను తెచ్చి పోయండి, ఈసారి దాని మీదే ఓడిపోదురు గానీ అన్నారట వాళ్లు. మా వాళ్లు రోషగాళ్లు. ఏడుగురూ ఏడు గంపల మన్ను నెత్తిన పెట్టుకుని తీసుకెళ్లి పోసి వచ్చారు. మరుసటి ఏడు రాళ్లబావి ఓడింది. మాకు మన్ను అక్కర్లేకపోయినా ఊరుకుంటామా, తెప్పించుకున్నాం. అప్పటినుంచి ఓడిన వాళ్లు మన్ను మోయాల్సిందే. అరవై ఏళ్లలో వాళ్ల కోర్టులో సగం మా మన్ను, మా కోర్టులో సగం వాళ్ల మన్ను అయిపోయింది. ఇప్పుడు ఏది ఎవరిదో తేల్చగల మొనగాడు ఈ చుట్టుపక్కల లేడు.

దీనికి కొన్ని నియమాలున్నాయి. ఓడిన తర్వాత వచ్చే శనివారం లోపల మోయాలి. తమ కోర్టు మన్నే తవ్వాలి. గెలిచిన ఊరి బస్టాండు నుంచి కోర్టు దాకా నడిచే వెళ్లాలి, దారిలో గంప దించకూడదు. కోర్టు నడిమధ్యన గెలిచిన వాళ్లే చేత్తో పట్టి దింపాలి. ఓడిన ఏడుగురినీ గెలిచిన జట్టు కెప్టెన్ గట్టిగా పేరు పెట్టి పిలవాలి. ఆ తర్వాత గెలిచిన వాళ్లు చెప్పులు విడిచి, తెచ్చిన మన్నును పాదాలతో తొక్కి నేలలో కలపాలి. అందరూ కలిసి బొరుగులు తిని మజ్జిగ తాగాలి. ఎనభై మూడులో తలలు పగిలేంత గొడవ జరిగి పందెం కుప్పానికి మారింది. ఆ ఊరి వాళ్లు మా రెండు ఊళ్లనూ సమానంగా వెక్కిరిస్తారు కాబట్టి న్యాయం జరుగుతుందని పెద్దల లెక్క. చోటు మారినా మన్ను మోత మాత్రం మానలేదు.

ఆడపిల్లల పందెం రెండు వేల పదకొండులో మొదలైంది. గెలిస్తే కప్పు, సర్టిఫికెట్లు, స్టీలు టిఫిన్ బాక్సులు. ఓడితే ఏమీ లేదు, బస్సెక్కి ఇంటికి పోవడమే. మన్ను ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి ఆడపిల్లలకు కోర్టే లేదు. రెండు బళ్లలోనూ పాత కోర్టుకు ఏటా ఆగస్టులో టెంకాయ కొట్టి పసుపు నీళ్లు చల్లుతారు. అందులో ఆడపిల్లలు అడుగు పెట్టకూడదంటారు. ఎందుకో పైకి చెప్పరు. ఎందుకో మా అందరికీ తెలుసు. అందుకని రాళ్లబావి ఆడపిల్లలు సైకిల్ షెడ్డు పక్కన ఆడుకుంటారు. మా పిల్లలు మధ్యాహ్న భోజనం వండే వంటశాల వెనక ఆడుకుంటారు. అక్కడ సున్నంతో గీతలు గీసింది నేనే. ఉన్నదాంట్లో సర్దుకోవడం గొప్ప గుణమని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

సోమవారం మా హెడ్మాస్టరు శరత్ బాబు గారి గదికి వెళ్లాను. కలకడ నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. ఎవరినీ నొప్పించడు, ఎవరి పక్షానా నిలబడడు.

"కొత్త ఆచారాలు మనకెందుకు మేడం?" అన్నారు.

"ఆచారం పాతదే సార్. పిల్లలే కొత్త."

"పాత కోర్టులో పార దించితే ఊళ్లో పెద్దోళ్లు నా మీదికొస్తారు. నేను పర్మిషన్ ఇయ్యను. ఇయ్యలేను."

"పాత కోర్టు మన్ను మాకెందుకు సార్? అందులో మా పిల్లలు ఎన్నడూ ఆడిందే లేదు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ దాని అర్థం నాకే తట్టలేదు. వాళ్లు తవ్వాల్సిన కోర్టు వంటశాల వెనకే ఉంది.

గంపలు ఇందు వాళ్లమ్మ తెచ్చింది, ఆమె పేరు చిన్నమ్మ. ఆమె ఉపాధి పనికి వెళుతుంది. తనతో పనిచేసే ఆడవాళ్లను అడిగి ఏడు గంపలు, ఒక పార పట్టుకుని గురువారం సాయంత్రం బడికి వచ్చింది. పిల్లలను వరసగా నిలబెట్టింది. పాత చీర పీలికలు చుట్టి ఒక్కొక్కరి నెత్తిన చుట్టకుదురు పెట్టి, ఖాళీ గంపలో ఇటుకలు వేసి వంటశాల చుట్టూ నడిపించింది.

"మెడతో మొయ్యొద్దు. నడుముతో మోయాల. సూపు కాళ్ల కాడ పెట్టొద్దు, దూరంగా పెట్టు. బరువు గురించి తలుసుకోవద్దు. తలుసుకుంటే రెండింతలవుతాది."

పదకొండేళ్లలో నేను ఒక్క పాఠం కూడా అంత బాగా చెప్పలేదు. పిల్లలు అవతలికి వెళ్లాక ఆమెను పక్కకు పిలిచి అడిగాను. "చిన్నమ్మా, నీకు నిజంగా ఇష్టమేనా? బిడ్డ నెత్తిన మన్ను పెట్టి ఊళ్లో నడిపిస్తాండాం."

ఆమె నా వైపు వింతగా చూసింది. "నేను మోస్తే కూలి మేడం. అది మోస్తే పేరు. మోయనీ."

శుక్రవారం వంటశాల వెనక తవ్వాం. మన్నులో బొగ్గు ముక్కలు, ఎండిపోయిన మెతుకులు, విరిగిన గాజు పెంకులు కూడా వచ్చాయి. గాజు పెంకులు ఏరేశాం. మిగతాది అలాగే గంపల్లోకి ఎత్తాం.

ఆ సాయంత్రమే నాకు మునిరత్నం గారు ఫోన్ చేశారు. రాళ్లబావి పాత విద్యార్థుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. డెబ్భై తొమ్మిదిలో ఆ బడి కెప్టెన్. ఎడమ చెవి ఎప్పుడో పట్టులో నలిగి ముడుచుకుపోయి ఉంటుంది. ఈ పందెం అంటే ప్రాణం పెడతాడు. చెడ్డవాడైతే నాకు పని సులువయ్యేది. ఆయన చెడ్డవాడు కాదు.

"అమ్మా రాహేలూ, మీ హెడ్మాస్టరు చెప్పినాడు. యాలమ్మా ఇదంతా? ఆడపిల్లోల్లది ఏదో ఫ్రెండ్లీ మ్యాచి. దానికి మన్నూ గిన్నూ ఏమీ ల్యా. మీరు ఓడిపోయినట్టు మేం అనుకోనే అనుకోం."

ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమకే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఏడుగురు పిల్లలు ఆరు నెలలు తెల్లవారకముందే లేచి పరుగెత్తింది, మోకాళ్లు పగలగొట్టుకుంది, ఆఖరి పాయింటుకు ఓడింది, ఇదంతా జరగనే లేదన్నట్టు ఒక్క మాటతో తుడిచేస్తున్నాడు.

"మేం ఓడిపోయినాం సార్," అన్నాను. "రేపు పది గంటలకు వస్తాండాం."

రెండో శనివారం, బడికి సెలవు. తల్లిదండ్రులందరితో కాగితాల మీద సంతకాలు తీసుకున్నాను. హెడ్మాస్టరు సంతకం లేదు. ఎనిమిది గంటల బస్సెక్కాం. గంపలు చూసి కండక్టరు మొహం చిట్లించాడు గానీ సంగతి విన్నాక వెనక సీట్లు ఖాళీ చేయించాడు.

మదనపల్లె బస్టాండులో దిగి, ఒకరికొకరు పట్టుకుని గంపలు నెత్తికెత్తుకున్నారు. ముందు ఇందు, చివర అందరికన్నా చిన్నది ఉష. పక్కన నేను. టమోటా లారీలు, ఆటోలు, శనివారం రద్దీ. మొదట్లో పిల్లలు తల వంచలేక కళ్లు మాత్రం దించుకుని నడిచారు. యూనిఫాం వేసుకున్న ఆడపిల్లలు వరసగా మన్ను మోసుకుపోతుంటే జనం ఆగి చూస్తున్నారు. టీ అంగడి దగ్గర ఒకాయన నవ్వుతూ అడిగాడు.

"ఏం పాపా, ఇల్లు కడతాండారా?"

ఇందు ఆగలేదు. కానీ గొంతు ఎత్తింది. "లేదప్పా! ఓడిపోయినాం! రాళ్లబావి ఆడపిల్లోల్ల చేతిలో ఓడిపోయినాం!"

నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఓడిపోయామని ఎవరైనా అలా అరుస్తారా? వెనక నుంచి ఉష అందుకుంది. తర్వాత ఏడుగురూ. "ఓడిపోయినాం! కుప్పంలో ఓడిపోయినాం! ఒక్క పాయింటుకు ఓడిపోయినాం!" నడకకు తగ్గట్టు మాట, మాటకు తగ్గట్టు నడక. కూరగాయలమ్మే ఒకావిడ రోడ్డు మీదికొచ్చి మాతో కొంచెం దూరం నడిచింది.

"గెల్సినోల్లు ఎవురమ్మా?"

"మీ ఊరోల్లే అక్కా!"

"మా ఊళ్లో ఆడపిల్లోల్లు సెడుగుడు ఆడతారా?" అని ఆమె నోరెళ్లబెట్టింది.

పన్నెండు ఏళ్లకు పైగా ఆడుతున్నారు. ఆ ఊరి పిల్లలు ఐదుసార్లు కప్పు గెలిచారు. బడికి నాలుగు వీధుల అవతల కూరగాయలమ్మే మనిషికి ఆ సంగతి తెలియదు. గెలిచిన వాళ్ల గతి అదైతే ఓడిన మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు? నేను కూడా గొంతు కలిపాను. నాకు పాట రాదని చర్చిలో అందరికీ తెలుసు. అరవడం బాగా వచ్చు.

రాళ్లబావి హైస్కూలుకు చేరేసరికి మా వెనక ముప్పై నలభై మంది ఉన్నారు. బడి గేటు తెరిచే ఉంది. లోపల పాత కోర్టు చుట్టూ ఇనుప కంచె, దానికి వేరే గేటు. ఆ గేటుకు తాళం. తాళం ముందు మునిరత్నం గారు, ఇంకో నలుగురు పెద్దవాళ్లు. దూరంగా సైకిల్ షెడ్డు దగ్గర ఎవాంజెలిన్, దాని జట్టు పిల్లలు ప్రాక్టీసు ఆపి చూస్తున్నారు. శనివారం ఉదయం వాళ్లకు అక్కడే ప్రాక్టీసు.

"వద్దంటే వస్తిరి," అన్నారు మునిరత్నం. "అమ్మా, మీ నాయన జ్ఞానశేఖర్ ఆసుపత్రిలో ఎన్ని తూర్లు నా కాలికి కట్టు కట్టినాడో. ఆ మర్యాదతో చెప్తాండా. ఆడబిడ్డల నెత్తిన మన్ను పెట్టి ఊరంతా తిప్పితిరి. సూసినోళ్లు మమ్మల్ని ఏమంటారు? మాకు సిగ్గు గాదా?"

నేను జవాబు చెప్పబోయాను. ఇందు ముందే మాట్లాడింది. గంప కింద నుంచి, తల కదపకుండా, నేరుగా ఆయన మొహంలోకి చూస్తూ.

"మా అమ్మ దినామూ మోస్తాది సార్. ఎండలో మోస్తాది. మీ ఊరి దావలో వస్తా వస్తా సూసినాం, కాలవ పని కాడ మన్ను మోసేదంతా ఆడోళ్లే. వాళ్లను సూసి మీకెప్పుడూ సిగ్గు రాల్యా. ఈ పొద్దు యాల వస్తాండాది?"

వెనక జనంలో ఎవరో ఈల వేశారు. మునిరత్నం గారి మొహం ఎర్రబడింది. పక్కనున్న పెద్దమనిషి ఒకాయన మునివేళ్ల మీద లేచి గంపలోకి తొంగి చూశాడు.

"ఇదేం మన్ను? బొగ్గులుండాయి, మెతుకులుండాయి. కోర్టు మన్ను గాదిది. ఇది సెల్లదు."

"అదే మా కోర్టు సార్. వంటశాల ఎనక," అంది ఇందు. "ఆ మట్టిలోనే నేర్సుకున్యాం. ఆ మట్టిలోనే మోకాళ్లు చీరుకున్యాం. మీరు పాత కోర్టు మన్ను అడిగితే మేం తేలేం. దాంట్లోకి మమ్మల్ని రానియ్యలేదు గదా."

మునిరత్నం గారు గేటుకు వీపు ఆనించి చేతులు కట్టుకున్నారు. ఆయన ఎత్తు నాకు అర్థమైంది. గంప దింపితే పందెం నియమం తప్పినట్టే. ఎంతసేపు నిలబడతారు, చిన్నపిల్లలు, వాళ్లే దింపుకుంటారు, ఎవరినీ గద్దించకుండా గొడవ ముగిసిపోతుంది. కబడ్డీ ఆడినవాడు కదా, ఎదుటివాడి ఊపిరి అయిపోయేదాకా ఆగడం తెలుసు.

పది నిమిషాలు. ఇరవై. పిల్లల మెడ నరాలు ఉబ్బాయి. చెమట కళ్లలోకి కారుతుంటే నా చున్నీతో ఒక్కొక్కరి మొహమూ తుడుస్తూ వరస పొడుగునా తిరుగుతున్నాను. అరగంటకు ఉష మోకాళ్లు వణకడం మొదలైంది. కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. నేను ఇక చాలనుకున్నాను. టీచరును, పిల్లలకు ఏమైనా అయితే నాదే బాధ్యత. దాని గంపకు చెయ్యి పెట్టాను.

"ముట్టుకోవద్దు మేడం," అంది ఉష. "దించేది మీరు గాదు. గెల్సినోల్లు దించాల."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తీసుకుని, మునిరత్నం గారి దగ్గరికి వెళ్లి అందరికీ వినబడేలా అడిగాను. "తాళం తీస్తారా తీయరా సార్?"

"తీయను. ఆడపిల్లోల్లది ఫ్రెండ్లీ మ్యాచి. దానికి మన్ను మోత ల్యా. నేనుండగా ఉండదు."

ఆయన గొంతు పెద్దది. సైకిల్ షెడ్డు దాకా వినబడింది. ఎవాంజెలిన్ అక్కడి నుంచి కదిలి వచ్చింది. వెనక దాని జట్టు. మోచేతికి కుప్పంలో పడిన కుట్లు ఇంకా విప్పలేదు. నా వైపు చూడలేదు, నేనూ పిలవలేదు. మేనత్తను కాబట్టి వచ్చిందని ఎవరూ అనకూడదు.

"తాతా, ఏమన్యారు మీరు? ఫ్రెండ్లీ మ్యాచా?"

"నీకెందుకు పాపా? పెద్దోళ్లం మాట్లాడతాండాం."

"నాకే కావాల. మేం గెల్సినామా, గెలవలేదా?"

"గెల్సినారు. ఎవురు కాదన్యారు? నేనే సప్పట్లు కొడితి గదా."

"మేం గెల్సింటే ఎవురో ఒగురు ఓడిపోయిండాల గదా తాతా. వాళ్లే వీళ్లు." ఎవాంజెలిన్ వేలు ఇందు వైపు చూపించింది. "మీరు వీళ్లు ఓడిపోలేదంటే మేం గెలవనట్టే. అట్లయితే హెడ్మాస్టరు గదిలో ఉండే కప్పు తెచ్చి ఈడ పెట్టండి. రెండు జట్లూ సూస్తాండంగా సెప్పండి, ఇది ఉత్తదేనని."

అబద్ధం చెప్పి పాయింటు తీసుకునే రకం కాదు ఆయన, ఆ సంగతి రెండు ఊళ్లకూ తెలుసు. కానీ చెయ్యి జేబు మీదికి పోయి అక్కడే ఆగింది. తాళంచెవి అందులోనే ఉంది.

"తాళం నేను తీయను," అన్నాడు చివరికి, నెమ్మదిగా.

"సరే తాతా. మీరు తీయొద్దు," అంది ఎవాంజెలిన్.

ఆ గేటు రెక్క కొక్కేల మీద ఊరికే కూర్చుని ఉంటుంది. నాలుగు అంగుళాలు పైకెత్తితే ఊడి వస్తుంది. రాళ్లబావిలో చదివిన ప్రతి ఒక్కరికీ ఆ సంగతి తెలుసు. మునిరత్నం గారికీ తెలిసే ఉంటుంది. ఎవాంజెలిన్ జట్టు ఏడుగురూ ఆ రెక్కను చుట్టుముట్టి, ఒకటీ రెండూ మూడూ అని ఎత్తి, పక్కకు లాగి కంచెకు ఆనించారు. గొలుసు, తాళం వేసినవి వేసినట్టే ఉన్నాయి. దారి మాత్రం బార్లా తెరుచుకుంది. జనం గొల్లుమని నవ్వారు. పెద్దవాళ్లలో ఇద్దరు కూడా నవ్వారు.

ఇందు జట్టు లోపలికి నడిచింది. ఎవాంజెలిన్ మాత్రం గీత దగ్గర ఆగిపోయింది. దాని జట్టు కూడా ఆగింది. ఆ బడిలో ఐదేళ్లు చదివారు, కప్పు గెలిచారు, ఆ నేల మీద ఇంతవరకు కాలు పెట్టలేదు. చెప్పులు విడిచి, పాదం ఎత్తి, నేలకు ఆనించకుండా ఒక్క క్షణం అలాగే నిలబడింది నా మేనకోడలు.

"రా పా బిన్నా," అని తొందరపెడుతూ అరిచింది ఇందు నడిమధ్య నుంచి. "మెడలు ఇరిగిపోతాండాయి!"

ఎవాంజెలిన్ పరుగెత్తింది. రెండు చేతులా పట్టి ఇందు గంప దింపింది. కుట్లు లాగినట్టున్నాయి, పళ్లు బిగపట్టింది. ఏడు గంపలూ దిగాయి. వంటశాల వెనక మన్ను, బొగ్గులూ మెతుకులతో సహా, రాళ్లబావి కోర్టు నడిమధ్యన కుప్ప పడింది. ఉష నేల మీద చతికిలబడి మెడ పట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

ఇక పేర్లు పిలవాలి. ఎవాంజెలిన్ ముందుకు వచ్చింది. దానికి మా పిల్లల పేర్లు తెలియవు. బనీను మీద నంబర్లే తెలుసు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడిగి, వెనక్కి వచ్చి గట్టిగా పిలిచింది. మగపిల్లలకైతే తండ్రి పేరుతో కలిపి పిలుస్తారు. ఇందు దాని చెవిలో ఏదో చెప్పింది.

"చిన్నమ్మ కూతురు ఇందు!" అని పిలిచింది ఎవాంజెలిన్.

"ఉండా!" అని అరిచింది ఇందు.

మిగతా ఆరుగురూ అమ్మల పేర్లే చెప్పారు. ఏడు పేర్లు, ఏడుసార్లు 'ఉండా'. ఆ తర్వాత గెలిచిన వాళ్లు మన్ను తొక్కారు. మెల్లగా మొదలుపెట్టి, కాసేపటికి దుమ్ము లేచిపోయేలా తొక్కారు. కుప్ప పరుచుకుంది, పరుచుకుని నేలలో కలిసింది. ఎవరి కాళ్లకు ఎవరి మన్ను అంటుకుందో చెప్పలేం. మజ్జిగ ఎవరూ సిద్ధం చేయలేదు. కూరగాయలావిడ ఎక్కడి నుంచో రెండు బిందెలు మోయించుకుని వచ్చింది.

మునిరత్నం గారు లోపలికి రాలేదు. కంచె అవతలే నిలబడి చూశారు. మేం బయటికి వస్తుంటే ఇందును ఆపారు.

"ఏం పాపా, వచ్చే ఏడు కూడా ఇట్లనే వస్తావా?"

"రాను సార్," అంది ఇందు. "నేను పదో తరగతి. నా చెల్లెండ్లు ఆడతారు. వచ్చే ఏడు మీ పిల్లోల్లే మన్ను మోసుకోని మా ఊరికి రావాల. వంటశాల ఎనక పోయాల. దావ అడగండి, ఎవురైనా సెప్తారు."

ఆయన నవ్వలేదు. కోప్పడలేదు కూడా. గేటు రెక్క తిరిగి తగిలించడానికి వంగారు. ఒక్కడి వల్ల కాలేదు. ఎవాంజెలిన్ వెళ్లి ఇంకో పక్క పట్టింది.

సోమవారం నా టేబుల్ మీద మెమో ఉంది. సెలవు రోజున, అనుమతి లేకుండా, ఒక ఫ్రెండ్లీ మ్యాచి విషయమై విద్యార్థినులను పొరుగూరికి తీసుకువెళ్లి మన్ను మోయించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. శరత్ బాబు గారు నా కళ్లలోకి చూడకుండా, పైనుంచి చెప్పారు మేడం, నేనేం చేసేది అన్నారు.

రెండు రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాశాను. అరవై రెండు నుంచి మొదలుపెట్టాను. నియమాలు రాశాను, న్యాయం రాశాను, క్షమించమని కూడా ఒక చోట రాశాను. ఆ క్షమించమన్న వాక్యం దగ్గర నా మీద నాకే కోపమొచ్చి నాలుగూ చించేశాను. మూడో రోజు తెల్ల కాగితం తీసుకుని ఇలా రాశాను: "అది ఫ్రెండ్లీ మ్యాచి కాదు. మేము ఓడిపోయాం. అందుకే వెళ్లాం."

నా సంతకం పెట్టాను. గది తలుపు దగ్గర ఏడుగురూ నిలబడి ఉన్నారు, ఎవరు చెప్పారో తెలియదు. ఇందు లోపలికి వచ్చి, నా చేతిలోని పెన్ను తీసుకుని, నా పేరు కింద తన పేరు రాసింది.